తీరిక వేళ: హార్మోనియం పెట్టె వయసెంత?



గడచిన శీతకాలంలో ఒక ఆదివారం ఉదయం మన మెయింటెనెన్సు విభాగంలోని యువ సహోద్యోగి ఒకడు మా క్వార్టరుకు వచ్చాడు. వెంట తల్లిగారు ఉన్నారు. ఆటోలోంచి దింపిన దుప్పటి మూటలో ఒక పాత హార్మోనియం పెట్టె ఉన్నది. వారి కుటుంబం సిరిసిల్ల ప్రాంతం నుంచి మరమగ్గాల పనికై సూరత్ వచ్చి, తాతగారి కాలం నుంచి లింబాయత్‌లో స్థిరపడినది. మన సహోద్యోగి సూరత్ నగరపాలక సంస్థవారి తెలుగు మాధ్యమ పాఠశాలలో చదివి, ఐ.టి.ఐ. ముగించి, మన సంస్థలో చేరినవాడు.

"సారూ, ఇది మా మామ పెట్టె. ఊర్ల నాటకాలకు వాయించెటోడు. ఈడికొచ్చినంక భజనలల్ల వాయించిండు. ఇది నిజంగ పారిస్‌దేనా కాదా, జర చూసి చెప్పుండ్రి" అన్నారామె.

సంగతేమిటంటే, పాత వస్తువులు కొనే వర్తకుడొకడు ఆ పెట్టెను చూశాడు. ముందుభాగాన 'పారిస్' అని చెక్కిన ఇత్తడి పలక ఉన్నది. అది అసలైన పారిస్ హార్మోనియమేనని ఎవరైనా ఇంజనీరు సంతకం చేసి ఇస్తే 60,000 రూపాయలు ఇస్తాననీ, లేకపోతే 8,000కు మించి ఇవ్వననీ చెప్పాడు. ఆ ఇంటి ఆడపిల్లకు నర్సింగు కోర్సులో సీటు వచ్చినది. ఫీజు కట్టవలసిన గడువు నెలరోజులే ఉన్నది. నా సంతకం విలువ 52,000 రూపాయలని నాకు అంతవరకు తెలియదు!

హార్మోనియం విషయంలో నేను పండితుణ్ణి కాను. కానీ, 30 సంవత్సరాలకు పైగా యంత్రాల మధ్య గడిపినవాణ్ణి. మన ప్లాంటులో ఒక పంపు వయసు తెలుసుకోవాలంటే మనం నేమ్‌ప్లేటు చూసి ఊరుకుంటామా? కేసింగు మీద పోతపోసిన సంఖ్య చూస్తాం. ఇంపెల్లరు ఎన్నిసార్లు మారినదో హిస్టరీ కార్డు తిరగవేస్తాం. నేమ్‌ప్లేటు ఒక్కటే, లోపలి భాగాల వయసులు అనేకం. పెట్టెను కూడా అదే పద్ధతిలో చూద్దామని రెండు ఆదివారాలు గడువు అడిగాను.

పరీక్షకు ముందు కొంత పూర్వరంగం తెలియడం మంచిది. హార్మోనియం పుట్టినది పారిస్ నగరంలోనే. 1840 ప్రాంతంలో అలెగ్జాండర్ దెబాన్ అనే వాద్య నిర్మాత దానికి ఆ పేరు పెట్టి పేటెంటు పొందాడు. అది కుర్చీలో కూర్చుని, కాళ్లతో తిత్తులు తొక్కుతూ వాయించే పెద్ద వాద్యం. కలకత్తాలో ద్వారకానాథ్ ఘోష్ 1875లో ద్వార్కిన్ సంస్థను స్థాపించి, నేలమీద కూర్చుని ఒక చేత్తో తిత్తి ఊదుతూ రెండవ చేత్తో వాయించే చిన్న పెట్టెకు రూపమిచ్చాడు. మన తెలుగు రంగస్థలం కూడా ఆ రోజుల్లోనే వికసించినది. కడప జిల్లా సురభి గ్రామంలో 1885లో మొదలైన సురభి నాటక సమాజం మనందరికీ తెలిసినదే. పద్యనాటకం పెరిగినకొద్దీ హార్మోనియం లేనిదే తెర లేవని రోజులు వచ్చాయి. ఆకాశవాణి 1940 నుంచి 1971 దాకా హార్మోనియాన్ని తన ప్రసారాల నుంచి వెలివేసినా, నాటకశాలలోనూ భజన మందిరంలోనూ దాని పీఠం చెక్కుచెదరలేదు.

ఒక ముఖ్య విషయం. మన దేశంలో పెట్టెలు తయారుచేసిన పూర్వపు నిర్మాతలలో అనేకులు చెక్కపని ఇక్కడ చేసి, శబ్దమిచ్చే ఇత్తడి రీడ్లను మాత్రం జర్మనీ, ఫ్రాన్సు దేశాల నుంచి తెప్పించేవారు. కనుక 'పారిస్ హార్మోనియం' అనే మాటకు రెండర్థాలు. పెట్టె మొత్తం అక్కడిది కావచ్చు, లోపలి రీడ్లు మాత్రమే అక్కడివి కావచ్చు. వర్తకుడు అడిగినది మొదటి అర్థంలో.

ఇక పరీక్షకు వద్దాం. ముందుగా ఇత్తడి పలక. దానిని బిగించిన స్క్రూలు నాలుగూ స్టార్ తలవి. అమెరికాలో హెన్రీ ఫిలిప్స్ ఈ నక్షత్రపు గాడి స్క్రూకు పేటెంట్లు పొందినది 1936లో. మన ఊళ్ల వడ్రంగుల చేతికి అది ఇంకా చాలా ఆలస్యంగా వచ్చినది. పెట్టెలోని మిగిలిన స్క్రూలన్నీ ఒకే గాడి గల పాత రకానివి. పలకను జాగ్రత్తగా విప్పి చూస్తే, దాని కింద ఇంకొక నీడ కనిపించినది. ఎండ తగలక రంగు నిలిచిన భాగం పొడవుగా, సన్నగా ఉన్నది. దాని చివరల రెండు పాత రంధ్రాలు మైనంతో పూడ్చి ఉన్నాయి. అనగా ఇప్పటి పలకకు ముందు వేరొక పలక ఉండేది, అది పోయినది, దీనిని తర్వాత ఎవరో బిగించారు. పేరు చెప్పవలసిన సాక్షి మొదటి ప్రశ్నకే తడబడ్డాడు!

రెండవది, జిగురు. పూర్వం వడ్రంగులు వాడినది పశువుల చర్మం, ఎముకలు ఉడికించి తీసిన వజ్రం. అది గోధుమ రంగులో, పగిలిన గాజువలె ఉంటుంది. గోరువెచ్చని నీటి చుక్కకు మెత్తబడి వేలికి అంటుకుంటుంది. నేడు ఇంటింటా తెలిసిన ఫెవికాల్ 1959లో బజారుకు వచ్చినది. ఆ తెల్ల జిగురు కనిపించిన అతుకు అంతకుముందుది కాజాలదు. ఈ పెట్టె మూల అతుకులన్నీ వజ్రంవే. అడుగు పలక ఒక్కటే ప్లైవుడ్, దాని అంచున తెల్ల జిగురు. అడుగు మారినది, మూలలు మారలేదు.

మూడవది, మెట్లు. తెల్లమెట్ల పైపొర ఏనుగు దంతమని ఇంట్లోవారి నమ్మకం. దంతమైతే అడ్డంగా కోసిన అంచున వలవంటి వంపు గీతలు కనిపిస్తాయి. ఎముక అయితే సన్నని చుక్కలు, గీతలు కనిపిస్తాయి. ఈ పెట్టె మెట్లలో రెండూ లేవు. వేలితో గట్టిగా రుద్దితే లీలగా కర్పూరపు వాసన వచ్చినది. అది సెల్యులాయిడ్. 1870 ప్రాంతంలో అమెరికాలో వెలువడిన తొలి ప్లాస్టిక్కులలో అది ఒకటి. దాని తయారీలో కర్పూరం కలుస్తుంది. ఒక హెచ్చరిక: కాల్చిన సూది గుచ్చి చూడడం వంటి పరీక్షలు దయచేసి చేయకండి. సెల్యులాయిడ్ అగ్గిపుల్లవలె భగ్గుమంటుంది. దంతమే అయితే దాని క్రయవిక్రయాలు 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం, దాని తరువాతి సవరణల మేరకు నేరమనీ గుర్తుంచుకోవాలి. ఈ మెట్లలో రెండు మాత్రం వాసనలేని కొత్త ప్లాస్టిక్కువి.

నాలుగవది, తిత్తి. ఇక్కడే నాకు అసలైన ఆనందం కలిగినది. తిత్తి మడతల గుడ్డ ఒకచోట ఊడి, లోపల గట్టిదనం కోసం అతికించిన వార్తాపత్రిక ముక్క బయటపడినది. తెలుగు పత్రికే. తేదీ చిరిగిపోయినది గాని, ఒక సినిమా ప్రకటన సగం మిగిలినది: 'పాతాళ భైరవి'. ఆ చిత్రం విడుదలైనది 1951 మార్చిలో. కనుక ఆ అతుకు 1951కి ముందు పడినది కాదు. అయితే ఆ చిత్రం మళ్లీ మళ్లీ ఆడినది, పాత కాగితాన్ని ఎన్నేళ్ల తర్వాతనైనా అతికించవచ్చు. ఈ సాక్ష్యం ముందు హద్దు చెబుతుందే గాని వెనుక హద్దు చెప్పదు.

వెనుక హద్దు మూత లోపల దొరికినది. పెన్సిలుతో, గుండ్రని తెలుగు అక్షరాలలో ఇలా ఉన్నది: "తిత్తి కొత్తది, రూ. 4-8-0". నాలుగు రూపాయల ఎనిమిది అణాలు! మన దేశంలో నయాపైసలు వచ్చినది 1957 ఏప్రిల్ 1న. అలవాటు కొద్దీ మరో రెండు మూడేళ్లు అణాలు రాసి ఉండవచ్చు. తిత్తి మరమ్మతు 1951కి, 1960కి మధ్య జరిగినదని చెప్పడానికి ఈ రెండు సాక్ష్యాలు చాలు. తిత్తి చిరిగి మార్చవలసి వచ్చినదంటే పెట్టె అప్పటికే కొన్నేళ్లు నలిగినదన్నమాట.

ఐదవది, రీడ్లు. 37 మెట్లు, మెట్టుకు రెండు చొప్పున 74 రీడ్లు. ఇత్తడి పలకలో సన్నని చీలిక, ఆ చీలికలో కదలాడే ఇత్తడి నాలుక. దీనినే రీడు అంటున్నాం. గాలి తగలగానే నాలుక కంపిస్తుంది. నాలుక కొసను గీకితే బరువు తగ్గి శ్రుతి పెరుగుతుంది. మొదలు గీకితే బలం తగ్గి శ్రుతి దిగుతుంది. భూతద్దంతో చూడగా 63 రీడ్లు ఒకే పోలిక. యంత్రంపై కోసిన సమానమైన గీతలు. తక్కిన 11 రీడ్లపై చేతి ఆకురాయి గీతలు. ఆ 11 పలకల వెనుక ఎవరో గుజరాతీ అంకెలు గీరి పెట్టారు. తెలుగు అక్షరాలతో తిత్తి, గుజరాతీ అంకెలతో రీడ్లు! ఆ కుటుంబం నడిచిన దారి అంతా ఆ పెట్టెలో ఉన్నది.

శ్రుతిని కూడా కొలిచాను. నేడు మొబైల్ ఫోనులోనే ఆ సదుపాయమున్నది. పాశ్చాత్యుల 'ఏ' స్వరానికి ఫ్రాన్సు ప్రభుత్వం 1859లో సెకనుకు 435 కంపనాలుగా కట్టడి చేసినది. ఇంగ్లండులో 19వ శతాబ్దిలో 452 వరకు పెంచి వాయించేవారు. 1939లో లండనులో జరిగిన సమావేశం 440గా అంగీకరించినది. నేటికీ అదే ప్రమాణం. ఈ పెట్టెలో 436 వచ్చినది. పాత ఐరోపా రీడ్లకు ఇది పొసగుతుంది. అయితే పొసగడం వేరు, రుజువు కావడం వేరు. ధూళి పేరుకున్నా శ్రుతి కొంచెం దిగుతుంది. శ్రుతిచేసేవాడు తన పెట్టెకు సరిపెట్టి మొత్తం మార్చివేయనూవచ్చు. దీనిని తోడుసాక్షిగా మాత్రమే స్వీకరించాలి.

రీడ్ల విషయం తెలిసినవారినే అడగాలనిపించినది. మన గుజరాత్‌లోనే, భావనగర్ జిల్లా పాలిటానాలో, హార్మోనియం రీడ్లు చేసే కుటుంబాలున్నాయి. పాలిటానా అనగానే మనకు శత్రుంజయ పర్వతంపై జైన ఆలయాలు జ్ఞాపకం వస్తాయి. హార్మోనియం వారికి మాత్రం రీడ్లే జ్ఞాపకం వస్తాయి. 2020 నవంబరులో హజీరా నుంచి ఘోఘా రేవుకు నౌక మొదలైన తర్వాత ఖంభాత్ సింధుశాఖను చుట్టి పోవలసిన శ్రమ తప్పినది. శ్రీమతికి ఆలయాలు, నాకు రీడ్లు. ఇద్దరం నౌక ఎక్కాం. ఆ తల్లిగారి అనుమతితో రెండు రీడ్లు, ఒకటి పాతది, ఒకటి గుజరాతీ అంకెది, దూదిలో చుట్టి తీసుకువెళ్లాను.

అక్కడి వృద్ధ కార్మికుడు కళ్లజోడు కూడా పెట్టుకోలేదు. రీడును పెదవులకు ఆనించి ఊదాడు. గోటితో నాలుకను మీటాడు. "ఇది బయటి దేశపు మిషను పని. ఇది మా ఊరి చేతి పని" అన్నాడు హిందీలో. తర్వాత అంకె గల రీడును వెలుతురుకు పట్టి, "చేసినవాడు మంచి చేయి గలవాడు. పాతదాని గొంతుకు సరిపోయేలా మొదలు గీకి దించాడు, చూడండి" అన్నాడు. నిజమే. ఆ 11 రీడ్లు చేసినతను తన ముద్ర వేసుకోవాలని చూడలేదు. పక్కనున్న 63 రీడ్లతో కలిసిపోవాలని చూశాడు.

ఈ పద్ధతి హార్మోనియానికే పరిమితం కాదు. పాశ్చాత్య దేశాలలో పాత డ్రమ్ము సెట్లు సేకరించేవారూ ఇదే మార్గంలో నడుస్తారు. అమెరికాలోని లుడ్విగ్ కంపెనీ 1963 చివరి నుంచి తన డ్రమ్ముల బిళ్లలపై వరుస సంఖ్యలు వేసినది. అయితే కార్మికులు ఆ బిళ్లలను వరుస తప్పకుండా బిగించలేదు. అందుచేత తెలిసినవారు సంఖ్యను చూసి ఊరుకోక డ్రమ్ము లోపలి సిరా ముద్రను, లోపలి రంగును, చెక్క పొరలను కూడా చూస్తారు. 1950ల చివర ప్లాస్టిక్ మూతలు వచ్చాక చర్మపు మూతలు క్రమంగా తొలగిపోయాయి. కనుక ప్లాస్టిక్ మూత ఉన్నంత మాత్రాన డ్రమ్ము కొత్తది కాదు. అరిగి మారే భాగం వస్తువు వయసు చెప్పదు. తన వయసు మాత్రమే చెబుతుంది.

ఇప్పుడు నా తప్పొకటి ఒప్పుకోవాలి. మా నాన్నగారిదీ ఒక హార్మోనియం ఉన్నది. 25 ఏళ్ల క్రితం, పాతబడినదని, ఒక దుకాణంలో ఇచ్చి మొత్తం గీకించి పాలిష్ పెట్టించాను. మూత లోపల నాన్నగారు ఏవో నాటకాల పేర్లు, తేదీలు రాసుకున్నట్లు చిన్నప్పుడు చూసిన జ్ఞాపకం. ఉప్పుకాగితం కింద అవి పోయాయి. దుకాణంవాడు చెప్పిన పని చేశాడు, చెప్పినవాణ్ణి నేను. నేడు ఆ పెట్టె అద్దంలా మెరుస్తుంది. అందులో చదవడానికి ఒక్క అక్షరం లేదు.

కనుక పాఠకులకు నా మనవి. మీ ఇళ్లలో వీణ, వయొలిన్, తబలా, గ్రామఫోను, గోడగడియారం ఏది ఉన్నా, మరమ్మతుకు ముందు నాలుగు వైపులా, లోపలా ఫోటోలు తీయండి. గీకించడం, రంగు వేయించడం చివరి పనిగా పెట్టుకోండి. మార్చిన భాగాన్ని పారవేయక సంచిలో వేసి వస్తువుతోనే ఉంచండి. పేరు పలకను అన్నిటికంటే చివర నమ్మండి. ప్రతి భాగానికీ విడిగా వయసు కట్టండి. ఆ తర్వాతనే 'అసలైనది' అన్న మాట వాడండి.

రెండవ ఆదివారం గడిచాక నా పరిశీలన పత్రం రాసి ఇచ్చాను. అందులో ఇలా ఉన్నది: పెట్టె టేకుతో మన దేశంలో చేసినది, 1950కి ముందుది. 63 రీడ్లు ఐరోపావి. 11 రీడ్లు పాలిటానా పనితనం. తిత్తి 1951–60 మధ్యది. అడుగు పలక, రెండు మెట్లు, ఇత్తడి పలక తర్వాతివి. 'అసలైన పారిస్ హార్మోనియం' అని రాయలేకపోయాను. ఆ పత్రం చేతికిస్తున్నప్పుడు మన సహోద్యోగి ముఖం చూడడం నాకు కష్టమైనది. వాడు ఒక్క మాట అనలేదు. వర్తకుడు కాగితం చదివి 12,000 అన్నాడట.

ఫీజు మాట ఏమయినదని మీరు అడుగుతారు. మన ఉద్యోగుల పరపతి సంఘంలో అప్పు తీసుకున్నాడు. వాయిదాలు జీతంలో కోత పడుతున్నాయి. తేలికైన భారమేమీ కాదు. సంతకం చేసి ఉంటే ఆ భారం ఉండేది కాదని నాకు తెలుసు, వాడికీ తెలుసు. మోసపోయేవాడు వర్తకుడు కాదు, రేపు అతని దగ్గర కొనబోయే ఎవరో సంగీతాభిమాని అన్న ఒక్క మాటే నా చేతిని ఆపినది.

పెట్టె తీసుకుపోవడానికి వచ్చినప్పుడు ఆ తల్లిగారు పత్రం మొత్తం చదివించుకుని విన్నారు. 11 రీడ్ల దగ్గర ఆపించి, "గవి మా మామ ఈడికొచ్చిన ఏడాది మార్పించిండు సారూ. మగ్గం మీద మొదటి జీతం మొత్తం దానికే పెట్టిండని మా అత్త చానా రోజులు అలిగింది" అన్నారు. ఆ ఇంట్లో ఈ సంగతి తెలిసినవారు ఆమె ఒక్కరే మిగిలారు. కొడుకుకు కూడా అంతవరకు తెలియదు.

ఇత్తడి పలకను తిరిగి బిగించలేదు. విడిగా సంచిలో వేసి లోపల ఉంచాం. మన ప్లాంటు హిస్టరీ కార్డు నమూనాలోనే ఒక చీటీ తయారుచేసి మూత లోపల అంటించమన్నాను. మన సహోద్యోగి తెలుగులో, ముత్యాల్లాంటి అక్షరాలతో రాశాడు: తిత్తి ఎప్పుడు, రీడ్లు ఎప్పుడు, మొదటి జీతం సంగతి, చివర నేటి తేదీ. పెన్సిలుతో రాసిన "రూ. 4-8-0" పక్కనే అంటించాడు. శనివారం భజనకు పెట్టె మళ్లీ లింబాయత్‌లో తెరుచుకున్నది. మన హజీరా నౌక ప్రయాణాన్ని గుర్తుచేస్తూ పాలిటానా రీడ్లు ఐరోపా రీడ్ల పక్కన పలికాయి. ఏది ఏదో నా చెవికి తెలియలేదు.

వచ్చే మాసం మరో విషయంతో కలుసుకుందాం.